కబురు ముందు ఎవరికి

పోయిన వారం పొద్దున్నే ఇంటి ముందు కల్లంలో ఎండుమిరపకాయలు కలియదిప్పుతుంటే, చర్చిలో గంట కొట్టే ముసలాయన వచ్చి మా గేటు బయట నిలబడ్డాడు. "లోపలికి రా తాతా, మజ్జిగ తాగి వెళుదువు గానీ" అన్నాను. ఆయన రాలేదు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "పంతులమ్మగారు పోయారమ్మా. తెల్లవారుజామున నిద్రలోనే పోయినట్టున్నారు. నీకే ముందు చెబుతున్నా" అన్నాడు.

మా వైపు చావు కబురు తెచ్చినవాళ్ళు గేటు దాటి లోపలికి రారు. మంచినీళ్ళు కూడా ముట్టరు. బయటే నిలబడి చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోతారు. అలా చెప్పడం కూడా అయినవాళ్ళకే. మిగతా ఊరికి ఎవరి నోటి మీదుగానో తెలుస్తుంది. నేనేమో ఆమెకు చుట్టాన్ని కాను, పక్కాన్ని కాను. ఆమె ఆదివారం బైబిలు పట్టుకుని చర్చికి వెళ్ళే మనిషి, నేను శనివారం దీపం పెట్టుకునే మనిషిని. వీధికి ఆ పక్క ఆమె, ఈ పక్క నేను, అంతే. ముసలాయన ముందు నా దగ్గరికే ఎందుకొచ్చాడో ఆ పూట నాకు తట్టలేదు.

ఆమె మీలో చాలామందికి తెలియదు. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన టీచరు. పెళ్ళి చేసుకోలేదు. పుట్టింది కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డున. ఉద్యోగానికి ప్రత్తిపాడు పక్కనున్న మా ఊరు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. సన్నంచు తెల్ల చీర, కళ్ళజోడుకు నల్లదారం, మబ్బు లేని సాయంత్రం కూడా చంకలో గొడుగు. టీ గ్లాసు ఎవరు ఎంత కడిగిచ్చినా కొంగుతో మళ్ళీ తుడిచేది. మా అత్తగారికి ఆ అలవాటు చూస్తే ఒళ్ళు మండేది. "మన ఇంట్లో గ్లాసు మురికని చెప్పకుండా చెబుతోంది చూడు" అనేది. ఆ గ్లాసులో టీ పోసి ఇచ్చేదీ మా అత్తగారే.

ఇంకొకటి ఉంది. పంతులమ్మగారికి మిరపఘాటు పడదు. ఉద్యోగమంతా మిరప ఊళ్ళోనే చేసిన మనిషి, కాయలు ఎండే రోజులొస్తే తుమ్ములతో అల్లాడిపోయేది. అవేమీ మామూలు తుమ్ములు కావు. వీధి చివరికి వినిపించేవి. బడి నించి ఆమె ఇల్లు చేరిందని మాకు తుమ్ముతోనే తెలిసేది. "పంతులమ్మగారొచ్చారు, పాలు పట్టుకెళ్ళు" అనేది మా అత్తగారు, తల ఎత్తకుండానే.

ఆమె మా బతుకులోకి నిజంగా వచ్చింది ఒక బీమా కాగితం వల్ల.

నా పెళ్ళయిన కొత్తలో మావారు ఒక పాలసీ కట్టారు. ఏజెంటు లూనా బండి మీద వచ్చి, అరుగు మీద కూర్చుని, ఆయన చేత సంతకాలు చేయించుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకు బాండు రిజిస్టరు పోస్టులో వచ్చింది. మా అత్తగారు దాని నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి అరలో పెట్టి దండం పెట్టింది. ఇంట్లో ఎవరమూ దాన్ని చదవలేదు. అందులో ఉన్నదంతా ఇంగ్లీషు. పైగా దేవుడి అరలోకి వెళ్ళిన కాగితాన్ని ఎవరు కదిలిస్తారు?

ఆ సాయంత్రం పాల కోసం వచ్చిన పంతులమ్మగారు, మావారు గొప్పగా చెప్పింది విని, "నామినీ కింద ఎవరి పేరు రాశారు?" అని అడిగింది. మావారు నా వైపు చూశారు. నేను అత్తగారి వైపు చూశాను.

"పెద్దోడి పేరు రాయించా" అంది అత్తగారు. అంటే మా బావగారు. "కోడలి పేరు రాయిస్తే ఏం బాగుంటుంది పంతులమ్మగారూ? మొగుడి చావు కోసం కాచుకు కూర్చున్నట్టుండదూ?"

నవ్వకండి. అప్పట్లో మా చుట్టుపక్కల అందరి ఇళ్ళల్లోనూ అంతే. ఏజెంటు ఆ ప్రశ్న దగ్గరికి రాగానే ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. అన్న పేరో, తండ్రి పేరో, ఉయ్యాలలో ఉన్న కొడుకు పేరో రాసేవాళ్ళు. కట్టుకున్న దాని పేరు మాత్రం రాసేవాళ్ళు కాదు. నాకూ ఆ భయమే. మావారి పేరు కింద, ఆయన పోతే అనే మాట పక్కన, నా పేరు ఉండటం ఊహించుకోవడానికే నాకు మనసొప్పేది కాదు.

పంతులమ్మగారు వాదించలేదు. "బాండు తీసుకురండి, చదువుదాం" అంది. మావారు దాన్ని తెచ్చి నులకమంచం మీద పరిచారు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, కాగితాన్ని తిరగేసి వెనక నించి మొదలుపెట్టింది. అదేమిటండీ అన్నారు మావారు. "ముందు పేజీలో వాళ్ళు మనకు చెప్పాలనుకున్నది ఉంటుంది బాబూ. వెనక పేజీలో మనం వాళ్ళని అడగాల్సింది ఉంటుంది" అంది.

ఆ సాయంత్రం ఆమె చదివి చెప్పిన తీరు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. ఇంగ్లీషు వాక్యం ఒకటి పైకి చదివేది, వేలు అక్కడే ఆపేది, తెలుగులో చెప్పేది, మా ముఖాలు చూసి, అర్థం కాలేదనిపిస్తే ఇంకోలా చెప్పేది. కిస్తీ తేదీ దాటితే వెంటనే పాలసీ పోదట. "కొన్ని రోజులు తలుపు దగ్గరగా వేసి ఉంచుతారు, గడియ పెట్టరు. ఆ గడువు కూడా దాటితేనే గడియ" అంది. గడియ పడ్డాక కూడా, ఆరోగ్యం బాగుందని చూపించి, బాకీ కట్టి మళ్ళీ తెరిపించుకోవచ్చట. మధ్యలో వదిలేసి డబ్బు వెనక్కి అడిగితే? "పచ్చికాయ కోస్తే పచ్చికాయ ధరే వస్తుంది. పండే దాకా ఆగలేకపోతే ఎవరిది తప్పు?" చేరేటప్పుడు మనం చెప్పిన వయసు, జబ్బుల వివరాలు అబద్ధమైతే మొత్తం కాగితమే కూలిపోతుందట. మావారు కంగారుపడి తన వయసు వేళ్ళ మీద లెక్కేసుకున్నారు.

తర్వాత మొదటి పేజీకి వచ్చింది. ఎవరి ప్రాణానికి బీమా, ఎంతకు, ఎంతకాలం, కిస్తీ ఎంత. అన్నీ అయ్యాక వేలు బావగారి పేరు మీద ఆగింది.

"శుభమా అని కాగితం ఇంటికొస్తే ఈ చావు మాటలేంటి పంతులమ్మగారూ?" అంది అత్తగారు, గొంతు పెంచి.

"ఈ కాగితం మొదటి నించి చివరి దాకా ఆ మాటేనమ్మా. పసుపు రాసింది మీరే కదా" అంది ఆమె.

మావారు పగలబడి నవ్వారు. అత్తగారు నవ్వలేదు. అప్పటికప్పుడు బాండును దేవుడి అరలోంచి బహిష్కరించింది. తర్వాత చాలాకాలం అది అటక మీద మిరప విత్తనాల డబ్బా పక్కన ఉంది.

"అమ్మాయ్, నీ మాటేంటి?" అని నన్నడిగింది పంతులమ్మగారు.

"నాకొద్దండీ. భయం" అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ చెప్పింది. "మా నాన్న సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాడు. ఒకసారి పడవ వచ్చింది గానీ ఆయన రాలేదు. కబురు ముందు మా పెదనాన్నకు వెళ్ళింది. ఆడమనిషి తట్టుకోలేదని, నెమ్మదిగా చెబుదామని దాచారు. మా అమ్మ ఆ సాయంత్రం మా నాన్న కోసం అన్నం వండింది. పులుసు పెట్టింది. గుమ్మంలో కూర్చుంది. అందరికీ తెలుసు. అందరూ ఆమె వంట చేయడం చూస్తూనే ఉన్నారు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "నామినీ అంటే డబ్బు తినే మనిషి కాదమ్మాయ్. కబురు ముందు ఎవరికి చెప్పాలో ఆ మనిషి. నాకు తెలిసి దానర్థం అదే."

చట్టంలో దాని అర్థం అది కాదని నాకు తర్వాత తెలిసింది. ఆమెకు ముందే తెలుసు. అయినా జీవితాంతం అందరికీ అలాగే చెప్పింది.

మావారు బాండు మడిచి నా వైపు తిరిగారు. "ఏమే, నాకేదన్నా అయితే నీకు చెప్పకుండా ముందు మా అన్నకు చెప్పాలా?" అని అడిగారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. వద్దన్నట్టు తల ఊపాను. ఆ వారమే ముగ్గురం బస్సులో గుంటూరు వెళ్ళాం. బీమా ఆఫీసులో నా పేరు రాసి, బాండు వెనక ముద్ర వేసి ఇచ్చారు. దారంతా పంతులమ్మగారు తుమ్ముతూనే ఉంది. బస్సు పైన మిరప బస్తాలున్నాయి మరి. కండక్టరు విసుక్కుని, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగితే, "మిరపకాయల ఊరే నాయనా" అంది.

తెల్లదోమ వచ్చి పత్తి పోయిన ఏడు, మిగిలిన కాస్త పత్తిని బోరేల్లో, అంటే పెద్ద గోనె సంచుల్లో తొక్కి ట్రాక్టరు మీద మావారు గుంటూరు బయల్దేరారు. ఆ మధ్యాహ్నం నేను పొయ్యి మీద పప్పు పెట్టి వంకాయలు తరుగుతున్నాను. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ మాట్లాడరు. మా తోడికోడలు నా ముందున్న కత్తిపీట తీసేసుకుంది. బావగారు గుమ్మం దగ్గరికొచ్చి, "వాడికి చిన్న దెబ్బ తగిలిందమ్మా. గుంటూరు ఆస్పత్రిలో చూపిస్తున్నారు. నువ్వు కంగారు పడకు" అని నా ముఖం చూడకుండా వెళ్ళిపోయారు. నేను పిచ్చిదానిలా, ఆయన వచ్చేసరికి చారు కూడా పెడదామనుకున్నాను.

అప్పుడొచ్చింది పంతులమ్మగారు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. అరుగు మీది వాళ్ళెవరినీ పలకరించలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మాయ్, నీ భర్త పోయాడు. గుంటూరు దగ్గరలో మలుపులో ట్రాక్టరు తిరగబడింది. ఆస్పత్రికి వెళ్ళేలోపే పోయాడు. బయట కూర్చున్న అందరికీ తెలుసు. ఇది నీ కబురు. అందుకని నేను చెబుతున్నా."

ఊరు ఆమెను తిట్టిపోసింది. శవం ఇంటికి రాకముందే ఆడదానికి అలా మొహాన చెబుతారా, గుండె ఆగిపోతే ఎవరు జవాబు చెబుతారు అన్నారు. కొందరు చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. నా మటుకు నాకు, ఆ రోజు నన్ను మనిషిగా చూసింది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళకు నా మీద జాలి ఉంది, కాదనను. ఆ జాలితోనే నా చేత చారు పెట్టించేవాళ్ళు.

కర్మలయ్యాక బాండు సంగతి వచ్చింది. ఆ ఏడు పంట లేక కిస్తీ కట్టలేదు, తేదీ దాటిపోయింది. ఏజెంటు చేతులు నలుపుకుంటూ అనుమానమే అన్నాడు. "వదిలెయ్యమ్మా, రాని దాని వెంట ఎందుకు తిరగడం?" అన్నారు బావగారు. ఆయన మంచివారే. మంచివాళ్ళకు తొందరగా వదిలేసే గుణం ఉంటుంది. పంతులమ్మగారు అటక మీంచి బాండు దింపించి, ఎప్పటిలాగే వెనక నించి మొదలుపెట్టి, ఒకచోట వేలు ఆపింది. తలుపు దగ్గరగా వేసి ఉంచే రోజులు ఇంకా అయిపోలేదు. ఆయన ఆ రోజుల్లోనే పోయారు. "గడియ పడలేదమ్మాయ్" అంది.

ఆ డబ్బుతో ఏం చేశానన్నది పెద్ద కథ కాదు. పొలం నిలిచింది, కుట్టుమిషను వచ్చింది, నేను పుట్టింటికి వెళ్ళి ఒకరి వంటింట్లో బతికే అవసరం రాలేదు. నాకు పిల్లలు లేరు. అత్తగారు ఆఖరిదాకా నా దగ్గరే ఉంది. పోయే ముందు ఏడాది మిరపకాయల ముచ్చికలు తీయడానికి వచ్చిన కూలి ఆడవాళ్ళతో ఆమె అన్న మాట విని నేను నివ్వెరపోయాను. "మీ పేర్లు రాయించుకోండే మొద్దుల్లారా. ఏం కీడూ జరగదు. జరిగేది ఎటూ జరుగుతుంది" అంది. వీధికి అవతల నించి ఒక తుమ్ము వినిపించింది.

అత్తగారు పోయాక మేమిద్దరమే మిగిలాం. సాయంత్రాలు ఆమె మా కల్లం అంచున పీట వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చునేది. ముచ్చికలు తీసే ఆడవాళ్ళు రవికల్లో దాచుకున్న బాండులు తీసి ఇచ్చేవాళ్ళు. ఆమె చదివేది, చూపు మందగించాక నా చేత చదివించేది. నాది టెన్తు ఇంగ్లీషు. తెలియని మాట రాగానే గబగబా దాటేయబోతే, "అర్థం కానిచోట వేలు పెట్టి ఆగు. సిగ్గుపడి ముందుకెళ్ళావా, పాలసీ అంతా సిగ్గుపాలే" అని కసిరేది. ఒకావిడ తన మొగుడి ఉబ్బసం సంగతి పాలసీలో రాయించలేదని తెలిసి పంతులమ్మగారు అరిచిన అరుపుకు కల్లంలో కాకులు లేచిపోయాయి. మర్నాడు వాళ్ళింటికి తనే వెళ్ళి, ఉత్తరం రాసి ఆఫీసుకు పంపించి వచ్చింది.

ఆమెకూ ఒక పాలసీ ఉండేది. అందులో నామినీగా మొదట వాళ్ళమ్మ, అమ్మ పోయాక తమ్ముడు. తమ్ముడూ పోయాడు. "నా పేరు రాయండి" అన్నాను ఒకసారి, చనువు కొద్దీ. "నీకు డబ్బెందుకే? నీకు కబురు చాలు" అని కొట్టిపారేసింది. ఆ పాలసీ గడువు తీరి డబ్బు ఆమెకే వచ్చింది. "చూశావా, బతికి గెలిచాను" అని నవ్వి, దాంతో గుంటూరులో కంటి ఆపరేషను చేయించుకుంది. నల్లద్దాలు పెట్టుకుని బస్సు దిగితే ఊళ్ళో పిల్లలంతా వెంటపడ్డారు. ఆ సాయంత్రం మాత్రం కల్లం దగ్గర కూర్చుని, "గెలిచిన సంగతి చెప్పడానికి ఎవరూ లేరమ్మాయ్, నువ్వు తప్ప" అంది. ఇద్దరం చీకటి పడేదాకా కాయలు ఏరుతూ కూర్చున్నాం.

చర్చి వెనక తోటలో ఆమెను మట్టి చేశారు. పాట పాడారు. నాకు ఆ పాట రాదు, ఊరికే నిలబడ్డాను. కొత్తపట్నం నించి తమ్ముడి కొడుకు అంతా అయిపోయాక వచ్చి, కాసేపు కూర్చుని, ఆఖరి బస్సుకు వెళ్ళిపోయాడు. అందరూ కదిలాక గంట కొట్టే ముసలాయన్ని అడిగాను, నాకే ముందు ఎందుకు చెప్పావని.

"ఎప్పుడో చెప్పి పెట్టారమ్మా. నేను పోతే పాస్టరు గారికన్నా ముందు ఎదురింటి అమ్మాయికి చెప్పు, లోపలికి వెళ్ళకు, గేటు బయట నిలబడి చెప్పు, వాళ్ళలో అయినవాళ్ళకు అలాగే చెబుతారు అన్నారు. నేను మర్చిపోతానేమోనని ప్రతి క్రిస్మసుకీ గుర్తు చేసేవారు."

నేను ఇంటికొచ్చి చాలా ఏడ్చాను. ఆమె కోసం ఏడ్చాను, నా కోసం కూడా ఏడ్చాను. ఆమె కబురు అందుకోవడానికి నేనున్నాను. నా కబురు ముసలాయన ఎవరి గేటు దగ్గరికి తీసుకెళ్ళాలో నాకు తెలియడం లేదు.

నిన్న సాయంత్రం కూలీల మేస్త్రమ్మ పరుగెత్తుకుంటూ కల్లంలోకి వచ్చింది. ఏళ్ళ తరబడి పంతులమ్మగారు ఎంత చెప్పినా వాళ్ళాయన పాలసీలో తన పేరు వద్దంటూ వచ్చిన మనిషి. "రాయించేశానక్కా! మా ఆయన కూడా సరేనన్నాడు" అంది, రొప్పుతూ. నాకు ఎంత సంతోషమేసిందంటే, చేతులు కూడా కడుక్కోకుండా కొంగుకు తుడుచుకుని, గబగబా వీధి దాటాను.

ఆమె గేటు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. తలుపుకు తాళం వేసి ఉంది. గొడుగు ఇంకా వరండా మేకుకే వేలాడుతోంది. నేను లోపలికి వెళ్ళలేదు. వెనక మా కల్లంలో మేస్త్రమ్మ కాయలు కుప్ప చేస్తున్నట్టుంది, ఘాటు గాలికి లేచి వీధి దాటి ఆ కిటికీల మీదికి వెళుతోంది. నేను గేటు బయటే నిలబడి, లోపలి నించి తుమ్ము వినిపిస్తుందేమోనని చాలాసేపు చూశాను.